పూచీకి రెండో మనిషి

లాండ్రీ వెనక గదిలో ఇస్త్రీ చేసే ఆవిడ ముఖానికి గుడ్డ కట్టుకోవాలన్నది యజమాని పెట్టిన షరతు. "మీ మొహంలో ఎవరి పోలిక కనిపిస్తుందోనమ్మా, కస్టమర్లు జడుసుకుంటారు" అనేవాడు. ఆవిరికి ఊపిరాడకపోయినా ఆమె గుడ్డ తియ్యలేదు. తలదాచుకోను చోటు దొరికింది, అదే పదివేలు అనుకుంది.

ఆమెది అవతలి లోకం. ఇవే వీధులు అక్కడా ఉండేవి, ఈ మనుషులే ఉండేవాళ్లు. ఒకనాడు బూడిదగాలి లేచి అన్నిటినీ మింగేసింది. కొండ సొరంగంలో తెరుచుకున్న చీలికలోంచి మిగిలినవాళ్లు ఇటు వచ్చిపడ్డారు. వాళ్లకు మనం పెట్టిన చట్టం చిన్నదే: అచ్చం నీలాంటి నీ జంట మనిషి ఇక్కడ బతికి ఉండి, ఫిర్యాదు చేస్తే, వచ్చిన దారినే వెనక్కి. అందుకే ఆమె తన జంట ఎక్కడుందో ఎవరినీ వాకబు చెయ్యలేదు.

ఆమధ్య ఒక అమ్మాయి విసురుగా వెనక గదిలోకే వచ్చేసింది. "కాలర్ మాడ్చేశారు! కళ్లు నెత్తికెక్కాయా?"

ఆ గొంతు వినగానే ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టేసి తలెత్తింది. సొరంగం అంచున చెయ్యి జారిపోయిన చెల్లెలి గొంతు అది.

"నీ నోటిదురుసు ఇంకా పోలేదుటే, ఉడతా!" అనేసింది.

అమ్మాయి దగ్గరికొచ్చింది. "ఆ పేరుతో మా అక్క తప్ప ఎవరూ పిలవరు." గుడ్డ లాగి చూసింది. "మా అక్క ఇంట్లో ఉంది. మరి నువ్వెవరు?"

"ఎవర్నీ కాను తల్లీ. మీ అక్కతో మాత్రం అనకు."

కానీ బెదిరిపోయిన పిల్ల చెప్పేసింది. మర్నాటి నుంచి ఎదురు అరుగు మీద ఒకావిడ నిలబడసాగింది. అదే నుదురు, అవే చేతులు. లోపలికి రాదు, పలకరించదు. చూస్తుంది, అంతే. వారం తిరక్కుండా ఆవిడ ఫిర్యాదు మీద అధికారులు వచ్చి పోలిక సరిచూసుకున్నారు. సోమవారం విచారణ.

చెల్లెలు పరుగున వచ్చింది. "తన చోటు లాక్కోడానికే నువ్వు దిగావంటోంది అక్క. ఎంత చెప్పినా వినదే!"

"దాని చోటు నాకెందుకే? నువ్వు బతికున్నావు, చాలు."

"వెనక్కి పంపితే అక్కడేముంది?"

"ఏమీ లేదు. అక్కడ గాలే మనిషిని తినేస్తుంది."

వెనక్కి వెళ్లినవాళ్లలో ఒక్కరి కబురూ ఇంతవరకు రాలేదు. ఊరివాళ్లిద్దరు పూచీపడితే ఫిర్యాదు చెల్లదని అదే చట్టంలో ఉంది. సొంత అక్కను కాదని ఆ అమ్మాయి పూచీపడింది. రెండో మనిషి కోసం అడిగితే యజమాని బట్టలు మడతపెడుతూ వినిపించుకోలేదు. పొరుగువాళ్లు తలుపులేసుకున్నారు.

విచారణ పాత కోర్టు కింది అంతస్తులో, పొద్దున్నే. ఇది చదువుతున్న మీకు ఈ ఊళ్లో ఇల్లుంటే, సోమవారం అక్కడికి రండి. ఆమె పక్కన నిలబడి, "నేను పూచీ" అనండి.