ప్రేమ్‌సాగర్ వకీలు రాసిన మాట

మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచ కోర్టు దగ్గర ప్రేమ్‌సాగర్ వకీలును ఎవరైనా "పాపం" అన్నారో, ఆయనకు ఒళ్లు మండిపోతుంది. పసితనంలోనే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. కూలికి పోయే అమ్మానాన్నలు పట్టుబట్టి చదివిస్తే మరాఠీ బడిలో చదివి, గడ్చిరోలిలో లా పూర్తిచేసి, మూడు చక్రాల స్కూటరు మీద సొంతూరికే తిరిగొచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆయన గడప తొక్కేవాళ్లలో సగం మంది చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, కాలో చెయ్యో సరిగా లేనివాళ్లు. సర్టిఫికెట్లు, పింఛన్లు ఇప్పించడంలో ఆయనది అందె వేసిన చెయ్యి.

అంత రోషమున్న మనిషి అర్జీల్లో మాత్రం అందరికీ ఒకటే వాక్యం రాసేవాడు: "అర్జీదారు దిక్కులేనివారు, ఏ పనీ చేయలేరు, పరుల మీద ఆధారపడి బతుకుతున్నారు." మరాఠీలో ఆ మాట పడితేనే ఫైలు కదులుతుందని ఆయన గట్టి నమ్మకం. వచ్చినవాళ్లకు మరాఠీ చదవడం రాదు. వేలిముద్ర వేసి, దండం పెట్టి వెళ్లిపోయేవాళ్లు.

యాదక్క కేసులో ఆ వాక్యమే ఆయన మెడకు చుట్టుకుంది.

బామ్ని ఊరి యాదక్కకు పదేళ్ల కింద చూపు పోయింది. తర్వాత భర్త పోయాడు. మిగిలింది నది ఒడ్డున ఆమె వాటా వరిపొలం. వదినకు చేతకాదని, సాగు తనదేనని, భూమి కాగితంలో సాగుదారుగా తన పేరు ఎక్కించమని మరిది గణపతి అర్జీ పెట్టాడు. ఆ పేరు ఎక్కిందంటే రేపో మాపో పొలం కూడా జారిపోతుంది.

విచారణ రోజు రెవెన్యూ అధికారి ముందు గణపతి వకీలు ఒక పాత కాగితం తీసి గట్టిగా చదివాడు. ఒకప్పుడు యాదక్క పింఛను కోసం ప్రేమ్‌సాగర్ రాసిన అర్జీ అది.

"ఏం సదివిండు బిడ్డా?" అని యాదక్క అడిగింది.

ఆయన నసుగుతూనే తెలుగులో చెప్పాడు. ఆమె ఆయన గొంతు వినపడిన వైపు తిరిగింది.

"గణపతి అనేది గదే, నువ్వు రాసింది గదే. మరి నువ్వు ఎవరి వకీలువు?"

ప్రేమ్‌సాగర్‌కు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ల వకాల్తాలో ఎన్నడూ అంత సిగ్గుపడలేదు. చేతికర్ర ఊతంతో లేచి, "సాహెబ్, ఆ మాట నాది, ఈమెది కాదు. చదివి వినిపించకుండానే వేలిముద్ర వేయించుకున్నాను. ఈమె నాట్లు వేస్తుంది. వచ్చి చూడండి" అని మరాఠీలో చెప్పాడు.

తర్వాతి వారం అధికారి కబురు చెయ్యకుండానే బామ్నికి బయలుదేరాడు. జీపు ఊరి పొలిమేరకు వచ్చాక మాత్రమే గణపతికి, ప్రేమ్‌సాగర్‌కు ఫోన్లు వెళ్లాయి. ముగ్గురూ గట్టు మీదికి చేరేసరికి యాదక్క మడిలో తొమ్మిదిమంది ఆడవాళ్లు కొంగులు నడుముకు చెక్కి, ముఖాలు కనపడనంతగా వంగి, ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ నాటుతున్నారు. వరస ఎక్కడా వంకర పోలేదు. ఎవరి ముందూ ఖాళీ మిగల్లేదు. వాళ్లు ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. గణపతి తల వంచుకుని నిలబడ్డాడు.

అధికారి కళ్లద్దాలు తుడుచుకుని, వరసను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. మళ్లీ చూశాడు. చివరికి ప్రేమ్‌సాగర్ వైపు వంగి మెల్లగా అడిగాడు.

"వకీల్ సాబ్, వీళ్లలో యాదక్క ఎవరు?"