వాషింగ్ మెషీన్‌లో ఎర్ర పెట్ట

నా చిన్నప్పుడు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు ప్లాట్ల కోసం మొయినాబాద్ చుట్టూ కార్లేసుకుని తిరిగే రోజుల్లో, మా పొలం కూడా అమ్ముడుపోయింది. బాపు పాత ఇల్లు పడగొట్టి మార్బుల్ ఇల్లు కట్టాడు. మిక్సీ వచ్చింది, వ్యాక్యూమ్ క్లీనర్ వచ్చింది, దారినపోయే వాళ్ళకు కనబడేటట్టు వరండాలో వాషింగ్ మెషీన్ కూర్చుంది. కూర్చోవడమే దాని పని. నల్లాలో నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి అమ్మ బండ మీదే ఉతికేది. మెషీన్ మీద మాత్రం పూల గుడ్డ కప్పి రోజూ దులిపేది.

మా నాయనమ్మను అందరం అవ్వ అనేవాళ్ళం. నోరు తెరిస్తే నవ్వులే. పొలం కాగితాల మీద వేలిముద్ర వేసిన రోజున కూడా "ఇగ కలుపు తీసే బాధ తప్పింది" అని అందరినీ నవ్వించింది. పొలం పోయాక ఆమెకంటూ మిగిలినవి కోళ్ళే. పొద్దున గంప ఎత్తడం, నూకలు చల్లడం, పొద్దుగూకితే మళ్ళీ కమ్మడం. అవి మార్బుల్ మీద రెట్ట వేస్తే బాపుకు ప్రాణం పోయినట్టయ్యేది.

"గిది ఇల్లా, కోళ్ళ ఫారమా? ఎవ్వరికన్న ఇచ్చెయ్యే అవ్వా" అన్నాడు ఒకరోజు.

అవ్వ ఇచ్చేసింది, గుడ్లు పొదుగుతున్న ఎర్ర పెట్టను తప్ప. దాన్ని ఎక్కడ దాచాలో తెలియక, చివరికి గుడ్లతో సహా ఆ పనిలేని మెషీన్‌లోకి దించింది. అడుగున బూడిద చల్లి, గడ్డి పరిచి, గాలి ఆడేటట్టు మూత కింద కట్టెపుల్ల పెట్టింది. రెట్ట కనబడితే అప్పుడే ఎత్తేసేది. అమ్మకు తెలుసు. తెలియనట్టే గుడ్డ దులిపేది. ఉరుములకు గుడ్లు చెడకుండా మా వైపు పొదుగు గంపలో ఇనుప ముక్క వేస్తారు. ఎక్కడుందని నేను అడిగితే అవ్వ నా చెవిలో, "ఇనుప ముక్క దేనికే, గంపనే ఇనుముదాయె!" అంది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

రేపో మాపో పిల్లలు బయటికి వస్తాయనగా, బాపుతో ప్లాట్ల వ్యాపారం చేసే సార్లు సిటీ నుంచి వచ్చారు. బాపు ఇల్లంతా చూపించి, గొప్పగా గుడ్డ లాగి, మెషీన్ మూత ఎత్తాడు. పెట్ట ఈకలు నిక్కబొడుచుకుని ఆయన చేతిని పొడిచింది. పాపం, బాపు ముఖంలో నెత్తురు చుక్క లేదు. కొడుకు పరువు కాపాడదామనుకుందేమో, అవ్వే ముందుకొచ్చింది.

"పరేషాన్ గాకుండ్రి సారూ, మా మిషన్ బట్టలుతకది, పిల్లల్ని జేస్తది!"

వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. బాపు కూడా ఊపిరి పీల్చుకుని నవ్వాడు. వాళ్ళలో ఒకాయన నాటుకోడి తిని ఎన్నాళ్ళయిందో అన్నాడు. మీకోసమే ఉంది సార్ అని బాపు వెంటనే కత్తి తెమ్మన్నాడు.

పొదుగు మీదున్న కోడిని మా ఊళ్ళో ఎవరూ కొయ్యరు. అవ్వ ముఖం మీద ఇంకా ఆ నవ్వు పోలేదు. ఆ నవ్వుతోనే, "జర ఆగు బిడ్డా, అది నిండుచూలాలు" అంది. అది కూడా హాస్యమే అనుకున్నారు. కోడికి మెటర్నిటీ లీవ్ కావాలంట అని ఒకాయన అంటే మళ్ళీ నవ్వులు.

మధ్యాహ్నానికి కూర అయింది. సార్లు ఎముకలు చీకుతూ లొట్టలేశారు. గుడ్లను ఒళ్ళో కట్టుకుని అవ్వ ఊరంతా తిరిగింది. పొదుగు మీదున్న పెట్ట ఎవరింట్లోనూ దొరకలేదు. తిరిగొచ్చి మెషీన్ పక్కన చతికిలబడి, ఒక గుడ్డు నా చెవికి ఆనించింది. లోపల టిక్కుటిక్కుమని చిన్న ముక్కు కొడుతోంది. సాయంత్రానికి అదీ ఆగిపోయింది. నాకు బాపు మీద ఒళ్ళు మండిపోయింది, ఏడుపొచ్చింది.

అప్పుడు అవ్వ నవ్వకుండా మాట్లాడింది. ఆమె అట్లా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

"నవ్వుకుంట జెప్పిన మాట ఎవ్వరూ చెవులేసుకోరు బిడ్డా. నీకు గావల్సింది అడిగేటప్పుడు నువ్వు నవ్వకు."

ఇప్పుడు నాది కాకరకాయ ముఖమని మా చుట్టాల్లో పేరు. అననీ. అత్త ఎందుకు నవ్వదని మా తమ్ముడి పిల్లలు అడుగుతారు. నవ్వుతాను, ఉత్తప్పుడు. నాకేదైనా కావాలంటే మాత్రం నవ్వను.