నొక్కుడు తాతబాబు

తెలుగులో ‘నొక్కడం’ అంత అనుమానించాల్సిన మాట ఇంకోటి లేదు. గంట నొక్కుతాం, ఓటు మీట నొక్కుతాం, పీక నొక్కుతాం. పక్కవాడి సొమ్మును మాత్రం నొక్కేస్తాం. పూర్ణా మార్కెట్లో మూటలు మోసే తాతబాబుకి ఈ చివరి అర్థంలోనే పేరొచ్చింది. అంతకుముందు చేపల వలలు వదిలి పోర్టులో ఎవరో కాంట్రాక్టరు దగ్గర చేరితే, డీజిలు తగ్గుతోందని మాన్పించేశారు. తీశాడో లేదో దేవుడికెరుక. వాడు పక్కకొస్తే నేనూ సంచి ఒళ్ళోకి లాక్కునేవాణ్ణి.

ఆ ఎండాకాలం రమణమూర్తిగారి మిరపకాయల కొట్లో కూర్చుని, మిరప ఏ ఓడెక్కి మన దేశానికొచ్చిందో చెబుతున్నాను. ఆయన పక్కకి ఒరిగిపోయాడు. నా ఉపన్యాసానికి నిద్రపట్టిందనుకున్నాను. జనం పోగై బస్తాల మీద పడుకోబెట్టారు. ఫిట్సేమోనని ఎవరో ఆయన చేతిలో తాళాలగుత్తి పెట్టారు.

తాతబాబు జనాన్ని తోసుకొచ్చి ఆయన భుజాలు కుదిపాడు. పలుకు లేదు, ఊపిరీ లేదు. “వన్నాటెయిట్‌కి ఫోన్ సెయ్యండి!” అని అరిచి, ఆయన్ని గచ్చు మీదికి ఈడ్చాడు. చొక్కా గుండీలు తెంపాడు. మెడలో గొలుసు మెరిసింది.

కొట్లోనే ఉన్న ఆయన భార్య తాయారు వాడి చెయ్యి పట్టేసుకుంది. “అదను సూసి నొక్కేత్తన్నావేటిరా?”

“బస్తాల మీద నొక్కితే బస్తా దిగుద్దమ్మా, గుండె దిగదు. గొలుసు మీరే తీసీసుకోండి. బేగి!”

ఆవిడ గొలుసు తీసి కొంగున ముడేసుకుంది. అప్పుడుగానీ వాణ్ణి ఆయన మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

వాడు ఛాతీ నడుమ అరచేతి అడుగుభాగం ఆనించి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా దింపాడు. రెండంగుళాల లోతు, సెకనుకి ఇంచుమించు రెండు నొక్కులు. ప్రతి నొక్కుకీ ఛాతీని పూర్తిగా పైకి లేవనిస్తున్నాడు. ఇంతలో లోపల టక్కుమంది.

“సంపేత్తన్నాడ్రా!” పక్కకొట్టు సన్యాసిరాజు వాడి భుజం పట్టి లాగాడు.

“ఎముక అతుకుద్ది బావా, ఒగ్గీ! కాదు, నువ్వూ రా. నాకు అలుపొత్తంది. ఆపకుండా నొక్కాల.”

సన్యాసిరాజు తాయారు వైపు చూశాడు.

“నన్ను సూత్తావేటి? ఆడు సెప్పినట్టు నొక్కు!” అందావిడ.

అంబులెన్సు వచ్చేదాకా ఇద్దరూ మార్చి మార్చి నొక్కారు. ఇదంతా ఎక్కడ నేర్చావని తరవాత నేనడిగితే, “పోర్టులో ప్లాస్టిక్ బొమ్మ మీద నేర్పారు బాబూ. బిర్యానీ పొట్లం ఇత్తారంటే ఎల్లాను,” అన్నాడు. ఆ మాటా నేను పూర్తిగా నమ్మలేదు.

రమణమూర్తిగారు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక, తాతబాబు చూడ్డానికి వెళ్ళి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆయన తలగడ ఛాతీకి అదుముకుని వాణ్ణి ఎగాదిగా చూశాడు.

“పక్కటెముకలు ఇరగ్గొట్టీసినావు. నీ మీద కేసెట్టాల.”

“ఎట్టండి బాబూ. బతికున్నోళ్ళే గదా కేసులెడతారు.”

“నవ్వించకురా, సస్తాను,” అని మూలిగి, కూర్చోమన్నట్టు పక్కనున్న కుర్చీ చూపించాడు.