అమ్మ ఎదుటే మా ఆవిడ నన్ను తోసేసింది

అప్పటికి మాకు పెళ్లై మూడు నెలలు. విజయనగరంలో కాపురం. మా ఆవిడ పార్వతి ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తుంది. సాయంత్రం గరివిడిలో పెళ్లి ప్రోగ్రాం ఉందనగా, ఆమె పాత వాల్వుల ఆంప్లిఫయర్ మూగబోయింది. లోపల గాజు బుడ్డీల్లాంటి వాల్వులు ఎర్రగా వెలుగుతున్నాయి కానీ శబ్దం రావడం లేదు.

పార్వతి ప్లగ్గు పీకేసి, మరలు విప్పి, పెట్టెను హాల్లో బోర్లించింది. ఒక తీగ ఊడి ఉండటం నాకు కనిపించింది. సాయం చేద్దామని చెయ్యి లోపలికి పెట్టబోయాను. ఆమె రెండు చేతులతో నా గుండెల మీద ఒక్క తోపు తోసింది. వెళ్లి బీరువాకు కొట్టుకుని కింద పడ్డాను.

బియ్యం ఏరుతున్న మా అమ్మ చాట పక్కన పెట్టి లేచింది. "ఏటే, నా ఎదరే మొగుడ్ని తోసీసినావేటే?"

నాకు సిగ్గుతో ఒళ్లు మండిపోయింది.

పార్వతి ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ తీసి, నేను ముట్టుకోబోయిన చోటుకీ పక్కనున్న ఇనప చట్రానికీ కలిపి ఆనించింది. టపాసు పేలినట్టు చప్పుడై నీలం మంట లేచింది. స్క్రూడ్రైవర్ కొస నల్లగా మాడిపోయింది.

"ప్లగ్గు పీకీసినా ఇందట్లో కరెంటు నిలవుంటాది బావా. నీ సెయ్యి తగిలుంటే..." అంటూ ఏడ్చేసింది.

అమ్మ ఉన్నచోటే కూలబడింది. కాసేపటికి కోడలి కళ్లు తన కొంగుతో తుడిచి, "ఈడికి బుద్ధి నేదు. ఈసారి ఇంకా గట్టిగా తొయ్యే" అంది.

తీగ అతికించాక ఆంప్లిఫయర్ పలికింది. గరివిడిలో ఆమె ఏం వాయించిందో మాత్రం నాకు గుర్తులేదు. ముందు వరుసలో కూర్చుని, నా కుడిచేతి వేళ్లు కదిలించి చూసుకుంటూనే ఉన్నాను.