అత్తయ్య ట్యాంకుల ఆట

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదనే చెప్తాను. తణుకులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. స్టాఫ్ రూములో ఎవరైనా ఇలాంటి కబుర్లు మొదలెడితే లేచి బయటికి పోయేవాణ్ణి. అలాంటివాణ్ణి కూర్చుని ఇది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది.

నాకున్న పిచ్చి ఒక్కటే, పాత వీడియో గేములు. అందరూ కంప్యూటర్లు కొనుక్కుంటున్న రోజుల్లో, వాళ్ళు అటకెక్కించిన టీవీ గేమ్ సెట్లూ క్యాసెట్లూ అడిగి తెచ్చుకునేవాణ్ణి. క్యాసెట్ పట్టకపోతే తీసి, ఉఫ్ మని ఊది మళ్ళీ పెట్టేవాణ్ణి. ఊదడం వల్ల ఏమీ అవదు, తీసి పెట్టడం వల్లే పని చేస్తుంది. ఫిజిక్స్ మేష్టర్ని, ఆ మాత్రం తెలుసు. అయినా ఊదేవాణ్ణి.

ఈ పిచ్చిలో నాకు తోడు మా మేనత్త. నరసాపురంలో ఉండేది. చుట్టుపక్కల ఆడవాళ్ళకి దారం ఇచ్చి లేసు అల్లించేది. గట్టి మనిషి, చుట్టాలందరికీ ఆవిడంటే హడల్. నేను సెలవులకి వెళ్ళినప్పుడు ఓసారి పక్కన కూర్చుని రెండో రిమోట్ అందుకుంది, ఇక వదల్లేదు. లేసు అల్లే వేళ్ళు కదా, నాకంటే వేగం. చివరికి ఒక సెట్టు ఆవిడకే ఇచ్చేశాను. మధ్యాహ్నం మావయ్య కొట్టుకి వెళ్ళాక తలుపు గడియ పెట్టి, సౌండు తీసేసి ట్యాంకుల ఆట ఆడేది. ఆయన వచ్చే వేళకి సెట్టు దారపుండల బుట్టలో అడుక్కి పోయేది.

"ఎవరికైనా చెప్పావో, తోలు తీస్తాను. ఈ వయసులో ఇదేం రోగమే అని నలుగురూ నవ్వుతారు" అని నా చేత ఒట్టు వేయించుకుంది. కన్నకూతురికి కూడా చెప్పలేదు. ఆ ఆటలో ఎక్కడ ఆపితే అక్కణ్ణుంచి మొదలెట్టే వీలు లేదు. కరెంటు పోతే మళ్ళీ మొదటికే. మా వైపు కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. "ఆఖరి స్టేజీ చూడకుండా మాత్రం పోనురా" అనేది నవ్వుతూ.

చూడకుండానే పోయింది. ఒక పొద్దున్న గుండెల్లో నొప్పి అంది, ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది.

పదో రోజు అందరం గోదారి రేవుకి వెళ్ళాం. కొడుకుల్లేరు కాబట్టి మావయ్యే కర్మ చేశారు. పిండాలు అరిటాకులో గట్టు మీద పెట్టి దూరంగా నిలబడ్డాం. పోయినవాళ్ళు కాకై వచ్చి తింటారనీ, ఏదైనా కోరిక మిగిలిపోతే ముట్టరనీ మావాళ్ళ నమ్మకం. కాకులు బోలెడున్నాయి. ఒకటి ఆకు దాకా నడిచొచ్చి, తల వంచి చూసి, వెనక్కి పోయి పిట్టగోడ మీద కూర్చుంది. మిగతావీ అంతే.

ఆ మిగిలిన కోరికేదో అని ఒక్కొక్కరూ మాటివ్వడం మొదలెట్టారు. మావయ్య వేళకి మందులేసుకుంటానన్నారు. ఆయన్ని తన దగ్గరికి తీసుకెళ్తానంది వదిన, అంటే అత్తయ్య కూతురు. లేసు పని ఆగిపోకుండా చూస్తామన్నారు ఇంకెవరో. ఏ కాకీ కదల్లేదు. ఎండెక్కిపోయింది. వెనకాల చుట్టాలు గుసగుసలు మొదలెట్టారు, కూతురి మీద ఏదో కోపం ఉండిపోయినట్టుందని. అది వదిన చెవిన పడింది.

నాకు ఆఖరి స్టేజీ గుర్తొచ్చింది. ఛీ, ఇదేం ఆలోచన అనుకున్నాను. అనుకుంటూనే, నేను పూర్తి చేస్తాను అత్తయ్యా అని మనసులో అన్నాను. ఏమీ జరగలేదు. అమ్మయ్య, ఇక పైకి చెప్పక్కర్లేదు అనుకున్నాను.

"ఆయ్, ఇంక గోదాట్లో కలిపేద్దామండి" అన్నారు పంతులు గారు. వదిన తడి మెట్టు మీద కూలబడిపోయింది. "నా మీద కోపంతోనే వెళ్ళిపోయావా అమ్మా?" అని ఏడుస్తుంటే చూడలేకపోయాను.

గట్టిగానే చెప్పేశాను. "అత్తయ్యా, నీ ట్యాంకుల ఆట నేను ఆడి పెడతాను. ఆఖరి స్టేజీ దాటిస్తాను."

అందరూ నా వైపు తిరిగారు. ఏం ఆట అని మావయ్య అడిగారు. వీడియో గేమండి, రోజూ మధ్యాహ్నం ఆడేది అన్నాను. ముందు వదినకే నవ్వొచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఫక్కున నవ్వేసింది. దాంతో మిగతావాళ్ళు కూడా ఆపుకోలేకపోయారు. పంతులు గారు కండువా అడ్డం పెట్టుకున్నారు. పదో రోజున, పిండాల ముందు, ఆవిడ పరువు అలా రేవులో కలిపేశాను. ఆ నవ్వుల మధ్యే కాకి గోడ మీంచి దిగింది. తిన్నగా ఆకు దగ్గరికొచ్చి తినడం మొదలెట్టింది. దాని వెనకే మిగతావి వాలాయి.

కాకులు ఆకలేసి వచ్చి ఉండొచ్చు. కానీ అంతమంది ఒక్కసారిగా నవ్వితే కాకులు లేచిపోవాలి గానీ దగ్గరికి రావు. ఎంత ఆలోచించినా ఇక్కడే ఆగిపోతాను.

కర్మలన్నీ అయ్యాక మాట ప్రకారం ఆ ఇంట్లోనే, తలుపులు బార్లా తీసి ఆడాను. వదిన పక్కన కూర్చుంది. ఆఖరి స్టేజీ దాటగానే మళ్ళీ మొదటి స్టేజీ వచ్చింది. అంతకుమించి అందులో ఏమీ లేదు.

"ఇంతేనా? దీన్నా నా దగ్గర దాచింది?" అంది వదిన. మళ్ళీ తనే, "నేను నవ్వుతాననుకుందా ఏంట్రా?" అంది.

నేను సెట్టు ఆపి వైర్లు చుట్టడం మొదలెట్టాను. రేవులో ముందు ఎవరు నవ్వారో తనకి గుర్తుందో లేదో అడగలేకపోయాను. ఆ కాకి నా మాటకి వచ్చిందో, కూతురు నవ్విందని వచ్చిందో, ఊరికే వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు. అత్తయ్యని సాగనంపానో, పదిమందిలో నవ్వులపాలు చేశానో కూడా తెలీదు.