ఖాళీగా ఉన్న పోర్టు

విశాఖలో పుట్టి, ఓడల కూత వింటూ పెరిగి, పోర్టంటే ఏమిటో తెలియక కొంప ముంచుకున్న ఘనుడు ఒకడున్నాడు. ఆ ఘనుణ్ణి నేనే. మూడు లారీల రొయ్యలకు ఊరు చూపించిన వైనం చెబుతాను. నవ్వితే పొరబోయేవాళ్లు మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి.

అప్పట్లో మల్కాపురంలో ఒక లారీ ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాణ్ణి. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాడికి ఆ పనెలా దొరికిందంటారా? ప్రింటరులో ఇరుక్కున్న కాగితాన్ని చిరగకుండా లాగాను. అంతే, ఓనరు కళ్లకు ఇంజనీర్నైపోయాను.

మా లోడు వివరాలు నింపే వెబ్ పేజీలు ఒక పాత జావా సర్వరు మీద నడిచేవి. ఆ వివరాలు అందుకుని డ్రైవర్ల ఫోన్లకు చేరవేయడానికి ఇంటిగ్రేషన్ సర్వరని కొత్తది తెచ్చారు. రెండూ ఒకే మిషన్లో కాపురం చెయ్యాలి. పాతది చక్కగా తిరుగుతోంది. కొత్తది ఎంత తట్టినా లేవదు!

"నాలుగింటికి పోర్టు గేటు మూసేస్తారు. ఈలోపు ఓడెక్కాల్సిన మూడు లారీల రొయ్యలు లోపలికెళ్లకపోతే, రేపట్నుంచి నువ్వు పరవాడలో బొగ్గు ఎత్తుకో," అన్నాడు ఓనరు ప్రేమగా.

ద్వారకా నగర్లో ఉండే సాఫ్ట్‌వేరు ఇంజనీరుకు ఫోన్ చేశాను. గోదావరి మనిషి, తిట్టినా 'అండీ' తగిలించే తిడతాడు.

"రెండూ ఒకే పోర్టు పట్టుకు కూర్చున్నాయండీ. కొత్తదాని పోర్టు మార్చెయ్యండి."

"పోర్టు మార్సీమంతన్నారా? ఓనర్ని అడగొద్దేటి?"

"ఇంత చిన్నదానికి ఆయనెందుకండీ?"

"మరి ఏ పోర్టు పెట్టీమంటారు?"

"ఏది ఖాళీగా ఉంటే అది పెట్టండి. ముందు పాతదాన్ని ఆపి, కొత్తదాన్ని లేపండి."

మా ఊరికి పోర్టులు రెండు. ఊళ్లోది ఎప్పుడూ కిటకిట. స్టీలు ప్లాంటు వైపుది కాస్త ఖాళీ అని నా అంచనా. చదువుకున్నవాడి సలహా ఎంత గొప్పదో! ఫైలు తెరిచాను. 'పోర్టు' అని రాసి పక్కన ఏదో నంబరుంది. గేటు నంబరు కాబోలని దాని జోలికి పోలేదు. కింద, డ్రైవర్లకు వెళ్లే మెసేజీలో ఊళ్లో పోర్టు పేరు కొట్టేసి రెండోది రాశాను. పాతదాన్ని ఆపాను. కొత్తది లేచింది! ఉదయం నింపిన వివరాలన్నీ డ్రైవర్లకు పంపేసింది. పాతది జాగా వదిలింది కాబట్టి లేచిందని నాకేం తెలుసు? నా ప్రతిభకే లేచిందనుకుని స్పెషల్ టీ తాగాను.

మూడింటికి డ్రైవరు అప్పలరాజు ఫోను.

"బావా, ఇక్కడ గేటోడు నీ ఓడేదిరా అని నవ్వుతన్నాడు. ఏటి సేత్తన్నావ్ నువ్వు?"

"పోర్టు మార్సినాను బావా. అక్కడైతే ఖాళీగా ఉంటాదని."

"ఖాళీగా ఉన్నది నీ బుర్ర! ఈ రొయ్యలకేటి, నడిసెల్లిపొమ్మని సెప్పీమంతావా?"

జరిగింది ఇంజనీరుకు చెప్పాను. "నేను చెప్పింది కంప్యూటర్లో పోర్టండీ... ఆ మాట పక్కనున్న నంబరండీ," అని ఏడవలేక నవ్వాడు.

లారీలు వెనక్కి తిరిగాయి. ట్రాఫిక్కులో ఈదుకుంటూ వచ్చేసరికి నాలుగుంపావు. అప్పటికే నేను ఊళ్లో పోర్టు గేటు దగ్గర, ఓనరు కాళ్లమీద ఎటునుంచి పడాలో ఆలోచిస్తూ నిలబడ్డాను. చూస్తే గేటు తీసే ఉంది!

"ఓడ ఇంకా సముద్రంలోనే ఉంది," అన్నాడు వాచ్‌మన్. "ముందొచ్చిన ఓడ జాగా వదిల్తే గదా, ఇది లోనకొచ్చీది? ఒక్క జాగాలో రెండెలాగ నిలబడతాయి? ఈమాత్రం తెల్దేటి నీకు?"

ఇంజనీరు రెండు ఫోన్లలో చెప్పలేని చదువంతా ఆ మహానుభావుడు బీడీ ఆర్పేలోపు చెప్పేశాడు. రొయ్యలు లోపలికెళ్లాయి, ఉద్యోగం దక్కింది.

కనుక ఆ మూడు లారీల రొయ్యల సాక్షిగా శపథం చేస్తున్నాను: ఇకమీదట ఎవరు పోర్టు మార్చమన్నా, అందులో నీళ్లుంటాయా ఉండవా అని అడిగాకే కీబోర్డు ముట్టుకుంటాను.