జ్ఞానప్రకాశం ఫ్లెక్సీ

బెన్హర్ అన్నకు కోపం వస్తే నోరు లేవదు, కీబోర్డు టకటకమంటుంది. ఇరవై రెండేళ్లుగా తోటపల్లి గూడూరులో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తున్న మనిషి. చుట్టుపక్కల పెళ్లయినా చావయినా, ఆ ఫ్లెక్సీ ఆయన చేతి మీదుగా రావలసిందే. ప్రింటు మిషన్ దగ్గర ఉండేది నేను, వనజాక్షిని. ఆయన మింగే కోపం కూడా నాకే వస్తుంది.

మా ఓనరు పద్మనాభయ్య ఈమధ్య పాత కంప్యూటర్ తీసేసి కొత్తది తెచ్చాడు. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ కూడా కొత్తదే. ఆ రోజు నుంచి మాకు శని పట్టింది. తెలుగు టైపు చేస్తే చాలు, వత్తులన్నీ అక్షరం కింద నుంచి ఊడి పక్కన పడేవి. బెన్హర్ అన్న ఫాంట్లు మార్చాడు, తీసేసి మళ్లీ ఎక్కించాడు. అదే మాట వర్డ్‌లో కొడితే శుభ్రంగా వచ్చింది, అంటే తప్పు ఫాంటుది కాదు. సెట్టింగుల్లో భారతీయ భాషలకని ఒక ఆప్షన్ కనపడితే అదీ నొక్కాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసినా అంతే. ఫోన్‌లో టైపు చేసి ఫోటో తీసి పెడితే, పది అడుగులకు సాగదీసేసరికి అలుక్కుపోయింది. పద్మనాభయ్య కుర్చీలోంచి కదలకుండా, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ పని, వయసైపోయింది అన్నాడు. నలభై ఆరేళ్లకే వయసైపోయిందట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వారం రోజులు ఇంగ్లీషు అక్షరాలతో నెట్టుకొచ్చాం. శనివారం ఉదయం రెబెక్కమ్మ వచ్చింది. ఆమె భర్త జ్ఞానప్రకాశం రొయ్యల గుంట దగ్గర కరెంటు కొట్టి చనిపోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. సాయంత్రం నాలుగింటికి చర్చి దగ్గర జ్ఞాపకార్థ కూడిక. బతికుండగా ఆయన పేరు పెళ్లిపత్రిక మీద కూడా అచ్చు కాలేదట. ఒక్కసారైనా ఆ పేరు పెద్ద అక్షరాల్లో, తెలుగులో పడాలని ఆమె పట్టుదల.

బెన్హర్ అన్న ఎప్పటిలాగే పాత చావు ఫైలు ఒకటి తెరిచి, ఫోటో మార్చి, పేరు కొట్టాడు. జ్ఞా రెండు ముక్కలు, ప్ర రెండు ముక్కలు. ఆయన మొహం మాడిపోయింది. మా షాపులో ఒక పద్ధతుంది. నమూనా కాగితం మీద కస్టమర్ సంతకం పెడితే, ఇక ఏ తప్పుకూ మేం పూచీ కాదు. పద్మనాభయ్య ఆ విరిగిన పేరునే ప్రింటు తీయించి, పెన్ను ఆమె చేతిలో పెట్టాడు.

"పెట్టమ్మా సంతకం. అందరూ చూసేది ఫోటోనే, అక్షరాలు ఎవురు చదవబోయినారు."

ఆ మాటకు ఆయన్ని ఏమనాలో నాకు తెలుసు, రాయకూడదు. రెబెక్కమ్మ కాగితం వైపు చూసి పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"నాకు చదువు రాదు సార్, కళ్లుండాయి. ఈ పావురం, ఈ కొవ్వొత్తులు పోయిన నెల మా పక్కింటోళ్ల ఫ్లెక్సీలో ఉన్నెయ్. ఇంకొకరి చావులో మా ఆయన్ని కూర్చోబెడతారా?"

ఆమె అన్నది నిజమే. ఏళ్ల తరబడి మేం చేస్తున్నది అదే. ఒకరు పోతే ముందు పోయినవారి ఫైలు తీసి మొహం మార్చడం.

బెన్హర్ అన్న ఆ ఫైలు మూసేశాడు. మీ ఆయనకు ఏది ఇష్టమని అడిగాడు. గుంట మాత్రం వద్దంది. కోడూరు బీచిలో పిల్లలతో దిగిన ఫోటో ఆమె ఫోన్‌లో ఉంది. అన్న ఖాళీ ఫైలు కొత్తగా తెరిచి ఆ ఫోటో పెట్టి, పేరు కొట్టాడు.

వత్తులు ఎక్కడివక్కడ కుదురుగా కూర్చున్నాయి. జ్ఞానప్రకాశం.

బెన్హర్ అన్న తల పట్టుకున్నాడు. ఆ భారతీయ భాషల ఆప్షన్ వారం కిందటే పనిచేసింది, కాకపోతే కొత్తగా తెరిచిన ఫైళ్లకే. పాత ఫైళ్లు పాత పద్ధతిలోనే ఉండిపోతాయి. మేం వారమంతా తెరిచి చూసింది పాతవే. మన బద్ధకమే మనల్ని తినిందమ్మా వనజా, అన్నాడు. అంత కోపం ఆయన గొంతులో నేనెప్పుడూ వినలేదు, అదీ తన మీద తనకే.

పద్మనాభయ్య మాత్రం పొంగిపోయాడు. ఆ ఫైలు జాగ్రత్తగా దాచమన్నాడు, ఇక అన్ని చావులకూ అదే తీస్తే సరి, మొహం మారిస్తే చాలన్నాడు. రెబెక్కమ్మ అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంది, అంతా వింటోంది.

బెన్హర్ అన్న ప్రింటు నా మిషన్‌కు పంపాడు. అది అందిందని నేను తల ఊపాక, ఓనరు కళ్లెదుటే ఫైలు డిలీట్ చేసేశాడు.

"ఇది ఆయన ఒక్కడిదే సార్. రేపు పోయేవాళ్లకి రేపు కొత్తది చేస్తా."

పద్మనాభయ్య లేచి అరవడం మొదలుపెట్టాడు. నేను ప్రింటు బటన్ నొక్కాను.